మూడో గేరు పళ్ళు

నగరేశ్వరరావు బేరమాడకుండా ఒప్పుకున్న పనులు జీవితం మొత్తమ్మీద రెండే. ఒకటి పార్వతీదేవితో పెళ్ళి. రెండోది సాలూరులో దాలయ్య షెడ్డులో పాత లారీకి గేరుబాక్సు కట్టించడం.

"పాతికేళ్ళ బండి నాన్నా, ఇనప రేటుకి ఇచ్చేద్దాం" అన్నాడు కొడుకు ఆనంద్‌కుమార్.

"ఇంజను బాగున్నాది, చాసిస్ బాగున్నాది. మూడో గేరొక్కటీ పట్టక జారిపోతన్నాది. చిన్నప్పుడు నీకు పన్ను కదిలితే తలకాయ తీయించేనేట్రా?"

అసలు కారణం కొడుక్కి చెప్పలేదు. నరసన్నపేటలో అతని చింతపండు వ్యాపారానికి ఆ లారీయే కాళ్ళు. ఉప్పు, బియ్యం వేసుకుని సాలూరు మీదుగా సుంకి ఘాటీ కొండదారి ఎక్కేది. జయపురం చింతపండుతో దిగేది. తెల్లారేసరికి పేట మలుపులో డ్రైవరు అప్పలసూరి రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారను కొట్టేవాడు. అది వినగానే నగరేశ్వరరావు గొడౌను తలుపులు తీసేవాడు. టార్పాలిన్ తాడు విప్పకముందే పులుపు వాసన వీధంతా నిండేది. సూరి తువ్వాలులో కట్టి తెచ్చిన సీతాఫలాల్ని "అమ్మగారికి" అంటూ అరుగు మీద పెట్టేవాడు. అలాంటి పొద్దులు పదమూడేళ్ళపాటు నడిచాయి.

పద్నాలుగో ఏడు ఎవరిదో లారీ డీజిలు ఆదా కోసం గేరు తీసేసి న్యూట్రల్లో ఘాటీ దిగుతూ బ్రేకులు కాలిపోయి లోయలో పడింది. ఆ రోజు నుంచి నగరేశ్వరరావు టాంకులో వెదురుబద్ద దించి డీజిలు కొలవడం మొదలుపెట్టాడు. ఎక్కేటప్పుడు ఇంత, దిగేటప్పుడు ఇంత అని అతనికో లెక్క ఉంది. బండి వచ్చిన ప్రతిసారీ ఆ లెక్కకి మించి డీజిలు మిగులుతోంది. తాగాల్సినంత తాగలేదంటే దిగేటప్పుడు ఇంజనుకి పని లేదన్నమాట. అంటే న్యూట్రలే. మనిషి అబద్ధమాడతాడు గానీ బద్ద ఆడదు కదా అనుకున్నాడు. సాలూరు లారీ స్టాండులో పదిమంది డ్రైవర్ల ముందు సూరిని నిలబెట్టి, "సరుకుతో, ప్రాణాలతో జూదమాడీవోడు నాకొద్దు" అన్నాడు.

"గేరులోనే దింపేను బాబూ, ఒట్టు" అన్నాడు సూరి ఒక్కసారి. తాళం టైరు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట పడ్డాక అతనికి పెద్దబండి ఎవరూ ఇవ్వలేదు; సాలూరులోనే ఆటో తోలుకుంటున్నాడు. నగరేశ్వరరావుకీ అలాంటి డ్రైవరు మళ్ళీ దొరకలేదు. ఘాటీ వ్యాపారం మానుకుని లారీని ఊళ్ళ నుంచి మిల్లుకి ధాన్యం తోలడానికే ఉంచేశాడు. ఇదంతా జరిగి పన్నెండేళ్ళు.

షెడ్డులో దాలయ్య గేరుబాక్సు దింపి, నల్లటి ఆయిలు వంపేసి, గేర్లన్నీ కిరసనాయిల్లో కడిగి గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. నగరేశ్వరరావు స్టూలు మీద కూర్చుని సరుకు చూసే కళ్ళతో వాటిని చూస్తున్నాడు.

"బేరింగులు పోనాయి, రింగులు పోనాయి. అవి మారిస్తే సరి" అంటూ దాలయ్య మూడో గేరు చేతిలోకి తీసుకుని ఆగాడు. "ఓలమ్మ! ఈ బండిని ఘాటీలో ఎవులు తోలేరు సావుకారూ?"

"ఏం?"

"పంటికి రెండు ముఖాలుంటాయి. బండిని లాగేటప్పుడు ముందు ముఖం అరుగుతాది. పల్లంలో బండి తోసుకొస్తంటే ఇంజను ఎనక్కి పట్టి ఆపుతాది సూడు, అప్పుడు ఎనక ముఖం అరుగుతాది. మైదానంలో తిరిగీ బండికి ఎనక ముఖం కొత్తదిలాగే ఉంటాది. దీనికి గిన్నెలాగ గుంట పడిపోనాది. ఘాటీ అంతా మూడో గేరులోనే దింపేడు మారాజు."

"న్యూట్రల్లో దింపితే?"

"పళ్ళ మీద బరువే ఉండదు. ఏటి అరుగుతాది?"

నగరేశ్వరరావు స్టూలు ముందుకి జరుపుకున్నాడు. "మరి డీజిలు మిగిలేది కదా?"

దాలయ్య పకపకా నవ్వాడు. "మిగలదేటి? గేరులో ఉండి ఏక్సిలేటరు మీద కాలు తీసేస్తే సక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. పంపు డీజిలు కట్టేస్తాది. న్యూట్రల్లోనే ఇంజను ఆగిపోకుండా కూసింత తాగాల. ఒద్దికగా దింపినోడికే మిగుల్తాది సావుకారూ."

నగరేశ్వరరావు గేరుని పాతగుడ్డలో చుట్టుకుని లేచాడు.

సూరి బస్టాండు దగ్గర ఆటోలో ఉన్నాడు. మీసం పూర్తిగా తెల్లబడింది. "బాబూ! ఎండలో నిల్సున్నావేటి? నోపలికొచ్చి కూకో" అన్నాడు, నిన్న కలిసిన మనిషితో మాట్లాడినట్టు.

నగరేశ్వరరావు మూట చేతిలో పెట్టాడు. సూరి విప్పాడు. బొటనవేలు దానంతటదే పళ్ళ వెనక ముఖం మీదికి పోయింది. చాలాసేపు అక్కడే ఉంది.

"తప్పు నాదిరా సూరీ."

"నేను నోటితో సెప్తే నమ్మనేదు. ఇనుము సెప్తే నమ్మేవు" అన్నాడు సూరి. గొంతులో కోపం లేదు. అదే నగరేశ్వరరావుకి ఎక్కువ తగిలింది.

"స్టాండుకి పద. పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకుంటాను."

"ఆ పదిమందీ ఏరి బాబూ? నరసింగరావు సచ్చిపోనాడు. రాముడికి కళ్ళు కనబడవు. మిగతావోళ్ళు ఎక్కడున్నారో ఏటో."

అయినా వెళ్ళారు. ఫోన్లు చూసుకుంటున్న కుర్ర డ్రైవర్ల మధ్య నిలబడి నగరేశ్వరరావు గట్టిగానే చెప్పాడు: ఈ అప్పలసూరి ఏనాడూ న్యూట్రల్లో దింపలేదు, నేనే తప్పు లెక్క కట్టి నింద వేశాను. "ఎవులీ తాత? ఏటంతన్నాడు?" అన్నాడొకడు. కానీ టీకొట్టు నారాయణమూర్తి గ్లాసు కడుగుతూ ఆగిపోయాడు. ఆనాడు అక్కడే ఉన్నాడతను. బయటికొచ్చి, "నానూ నమ్మేసేనురా సూరీ" అంటూ టీ చేతిలో పెట్టాడు. సూరి తాగలేక గ్లాసు పట్టుకుని అటు తిరిగిపోయాడు.

నాలుగో రోజుకి కొత్త మూడో గేరుతో బాక్సు బండికి ఎక్కింది. "బండి నీదేరా, మళ్ళీ తోలు" అన్నాడు నగరేశ్వరరావు.

"నాకొద్దు బాబూ. ఆటో బాగున్నాది. ఒక్క తిరుగుడు వస్తాను, అంతే."

ఉప్పు వేసుకుని ఎక్కారు, సుంకిలో దింపేసి, చింతపండు వేసుకుని మళ్ళారు. ఘాటీ మొదట్లోనే సూరి మూడో గేరు వేసి కాలు తీసేశాడు. ఇంజను గుర్రుమంటూ బరువునంతా వెనక్కి పట్టింది. వెనక బస్సువాడు హారను మీద హారను కొడుతున్నాడు. సూరి తొందరపడలేదు. పదమూడేళ్ళు ఈ ఘాటీ మీద బతికిన నగరేశ్వరరావు తన లారీలో దీన్ని దిగడం ఇదే మొదలు.

"ప్రతిసారీ ఇంజను ఇంత గోలగా ఉండేదిరా?" అరిచాడు.

"ఉండీది బాబూ" అని సూరీ అరిచాడు. "నువ్వు కొట్లో కూకుండీవోడివి. నీకెలాగ ఇనబడతాది?"