గింజలు లేని మొహం

పాస్‌పోర్ట్ బాబాయ్ నెత్తి మీద క్రాపు పోయి పదేళ్లయింది. చేతిలో క్రాపు వదిలించుకోవడానికి మాత్రం అతనికి నాలుగు రోజులే గడువుంది.

ఈ రెండో క్రాపు కెమెరా. లోపల బొమ్మని పట్టే సెన్సారు చిన్నది, బొమ్మ అంచులు కత్తిరించినట్టు వస్తుంది, అందుకే క్రాప్ కెమెరా. పాస్‌పోర్టు ఫొటోలకి అది చాలు. గోడ ముందు కుర్చీ, కుర్చీలో మనిషి, మనిషి మీద రెండు లైట్లు. ఇరవై రెండేళ్లుగా వీధిలోని ప్రతి మొహాన్నీ రెండు చెవులూ కనబడేలా తీసి ఆ పేరు తెచ్చుకున్నాడు. చీకటి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ కెమెరా చేతులెత్తేస్తుంది. ఫ్లాష్ కొట్టనివ్వని నాటకాల హాల్లో, వేదిక మీది తన అక్కని ఎప్పుడు తీసినా మొహం నిండా ఇసుక చల్లినట్టు గింజలే.

"దీన్ని నాయిస్ అంటారక్కా," అని ఒకప్పుడు చెప్పాడు.

"ఫొటో మూగది కదరా! దానికి నాయిసేమిటి?" అని అక్క పగలబడి నవ్వింది.

అప్పట్లో ఆ నవ్వు మూడో వీధికి వినపడేది. ఇప్పుడు గొంతులో గడ్డ. సోమవారం ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం ఆటే ఆమెకి ఆఖరిది.

"గొంతు ఎలాగూ నిలవదు. మొహమైనా నిలబెట్టరా," అంది అక్క. "చివర్లో దీపం ముందు తలెత్తుతాను చూడు, అది కావాలి. గింజల్లేకుండా. ఒక్కటి చాలు."

అమ్మ పోయాక అతనికి తల దువ్వి బడికి పంపిందీ అక్కే, మొదటి కెమెరా చేతిలో పెట్టిందీ అక్కే. ఆమె తిరిగి అడగడం ఇదే మొదలు.

బాబాయ్ బుధవారం పొద్దున్నే కెమెరాల షాపులో వాలాడు. షాపతన్ని అందరూ మెగాపిక్సెల్ అంటారు, మనిషి అంత చిన్నగా ఉంటాడు కాబట్టి.

"ఫుల్ ఫ్రేమ్ కావాలయ్యా. పెద్ద సెన్సారుది. చీకట్లో చూసేది."

"చీకట్లో చూసేది గుడ్లగూబ. మనది కెమెరాల షాపు," అంటూనే మెగాపిక్సెల్ బల్ల మీద రెండు జతలు పెట్టాడు. ఎడమవైపు మూడేళ్ల కిందటి ఫుల్ ఫ్రేమ్ బాడీ, అంటే లెన్స్ లేని ఒట్టి కెమెరా, దాంతో చేంతాడంత పొడుగు లెన్స్. కుడివైపు నిన్ననే పెట్టె విప్పిన సరికొత్త బాడీ, దాంతో పొట్టి లెన్స్.

"బాబాయ్, ఎడమ జత పట్టుకెళ్లు. బాడీ పాతదైనా లెన్స్ దానికి తగ్గది."

"పొడుగు లెన్స్ నాకుందిగా! పదిహేనేళ్ల కాపురం. బాడీ కొత్తది కావాలంతే."

"నీది చిన్న సెన్సారు కోసం చేసిన లెన్స్."

"దీనికి పడుతుందా, పట్టదా?"

"పట్టడం పడుతుంది, కానీ..."

బాబాయ్ ఈలోగా తన పొడుగు లెన్సు కొత్త బాడీకి బిగించేశాడు. షాపు నిండా వెలిగే లైట్ల కింద మెగాపిక్సెల్ ముక్కుని తీశాడు. ముక్కు మీది పుట్టుమచ్చ కూడా పొల్లుపోకుండా వచ్చింది.

"నీ కానీలు నువ్వే దాచుకో. రూపాయి లాంటి బొమ్మ వచ్చింది," అన్నాడు. కుడి జతే ఖాయం చేసుకుని, పాత కెమెరాని బదులుగా అక్కడే ఇచ్చేశాడు.

శుక్రవారం షాపు కుర్రాడెవరో ఇంటికి ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. "బాడీ ప్యాక్ చేసి ఉంచాం. ఎప్పుడు తీసుకెళ్తారు?" అన్నాడట.

"ఇంకో రెండ్రోజులు ఉంటాను నాయనా అన్నానురా," అని తమ్ముడికి చెప్పి చప్పుడు లేకుండా నవ్వింది. బాబాయ్‌కి నవ్వు రాలేదు.

ఆదివారం పొడుగు లెన్సు తగిలించిన కొత్త కెమెరాతో హాల్లో ఎప్పటిలాగే ఆఖరి వరసలో మూల సీట్లో కూర్చున్నాడు. వేదిక మీద అక్క రాజ్యం పోగొట్టుకున్న రాణి. మొదటి రంగంలోనే ఒకటి తీసి, కెమెరా తెర మీద పెద్దది చేసి చూశాడు.

గింజలు. అవే గింజలు.

మెనూ వెతికాడు. చిన్న సెన్సారు లెన్స్ తగలగానే కెమెరా తనంతట తనే క్రాప్‌లోకి పోయింది. దాన్ని ఆపేసి మళ్లీ తీశాడు. ఈసారి చుట్టూ నల్లటి వలయం, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో అక్క. ఆ నలుపు కత్తిరిస్తే మిగిలేది మళ్లీ పాత చిన్న సెన్సారే. మేడ కొని మెట్ల కింద కాపురం పెట్టాడన్నమాట. మెగాపిక్సెల్ 'కానీ' తరవాత చెప్పబోయిన మాట ఇప్పుడు బోధపడింది.

మిగిలింది పొట్టి లెన్స్. దాంతో ఇక్కణ్నుంచి చూస్తే వేదిక అగ్గిపెట్టె, అక్క అగ్గిపుల్ల. దగ్గరికి పోక తప్పదు. గోడ పట్టుకుని, వంగి వంగి, మొదటి వరస ముందుకొచ్చి నేల మీద కూలబడ్డాడు.

"తల దించవయ్యా, లైటు పడి మెరుస్తోంది," అన్నాడు వెనకాయన.

వేదిక మీద ఉరుము ఉరిమినప్పుడు పరీక్షగా ఒకటి నొక్కాడు. వేలు ఆలస్యమై, ఉరుము ఆగాక పడింది చప్పుడు. ఠక్! తలుపు గడియ తీసినట్టు. నాలుగు తలలు తిరిగాయి. పాత కెమెరా అయితే ఆఖరి వరసలో దగ్గినా ఎవరికీ వినపడేది కాదు. చప్పుడు ఆపే మార్గం ఈ కొత్తదానికీ ఉంది, కానీ ఏ పేజీలోనో. పాతదైతే వేళ్లే చెప్పేవి. ఇక్కడ బటన్ ఉండాల్సిన చోట చక్రం, చక్రం ఉండాల్సిన చోట ఏమీ లేదు. వేళ్లు గుడ్డివాళ్లలా తడుముకున్నాయి. ఫొటోలో నాయిస్ పోగొట్టబోయి హాల్లోకి తెచ్చాడు.

చివరి రంగం వచ్చేసింది.

వేదికంతా చీకటి, ఒక్క దీపం. అక్క గొంతు చిరిగిపోతోంది, అయినా ఆఖరి వరస దాకా వెళ్తోంది. "ఈ దీపం నాది. ఆర్పేదీ నేనే."

తలెత్తింది.

హాల్లో ఊపిరి చప్పుడు కూడా లేదు. ముప్పై ఏళ్లుగా ఈ చోట అక్క మూడు లెక్కపెట్టి దీపం ఊదుతుంది. నొక్కితే ఆమె ఆఖరి నిశ్శబ్దం పగులుతుంది. నొక్కకపోతే ఆమె అడిగిన ఒక్కటీ పోతుంది. ఒకటి. రెండు. వేలు కొయ్యబారింది. మూడు. అక్క ఊదలేదు. నాలుగు. ఐదు. తమ్ముడు అక్కడున్నాడని తెలుసు ఆమెకి. ఎదురుచూస్తోంది.

నొక్కాడు. ఠక్!

అక్క చివ్వున ఇటు తిరిగింది. "ఎవరది?"

నాటకంలో లేని మాట అది. వేలు మళ్లీ నొక్కేసింది. అక్క ఒక్క క్షణం చూసి, దీపం ఊదేసింది. చప్పట్లతో హాలు కూలిపోయేలా ఉంది.

మేకప్ గదిలో బాబాయ్ కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి ఫొటోలో దీపం వత్తి నిలువునా స్పష్టం, దాని వెనక అక్క మొహం మంచు పట్టినట్టు మసక. రెండోదాంట్లో ఒక్క గింజ లేదు, ప్రతి ముడతా ఉంది. కానీ అది రాణి కాదు. చిన్నప్పుడు ఆలస్యంగా ఇంటికొస్తే తలుపు తీసిన అక్క. ముడిపడ్డ కనుబొమలు, తిట్టడానికి సగం తెరిచిన నోరు.

"పోయిందక్కా. తలెత్తింది పోయింది. నీ ఆఖరి మాట కూడా నేనే చెడగొట్టాను."

అక్క కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇక గొంతులో గాలే మిగిలింది.

"రేపట్నించి నిన్ను తిట్టడం ఎలాగా అని దిగులు పడుతున్నానురా. ఇది పెద్దది చేసి తలుపు పక్కన తగిలించు." కళ్లజోడు తీసేసింది. "రెండు చెవులూ పడ్డాయా?"

అలవాటు కొద్దీ చూశాడు. "ఒకటేనక్కా."

"చాల్లే. ఇక మాట్లాడేది నువ్వేగా. వినడానికి ఒకటి చాలు."