అక్క కేక వెయ్యని పొద్దు

షుగరుందని తేలినప్పుడు మా బావ గంగులయ్య దాన్ని లెక్కే చెయ్యలేదు. "ఉప్పునీళ్ల మీద బతికేవోడికి చక్కెర జబ్బేందమ్మా" అని నవ్వేశాడు. ఆ మరుసటి వారమే వల లాగుతూ గుండె పట్టుకుని కూలబడితే నెల్లూరు తీసుకుపోయాం. డాక్టరు మందులు రాసి, బరువు తగ్గాలి, రోజూ నడవాలి, బీడీ మానాలి అన్నాడు. బావ మందులు వేసుకున్నాడు. మిగతావి డాక్టరుకే వదిలేశాడు.

మాలకొండమ్మ ఆయన పెళ్లాం, నాకు తోటికోడలు. అక్కా అనే పిలుస్తాను. చెవినిల్లు కట్టుకుని పోరింది పాపం. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా, విన్లేదు. ఆఖరికి ఆయన్ని దారికి తెచ్చింది విడవలూరు నుంచి మా పాలెం వచ్చే నర్సు భానుప్రియ. షుగరు, బీపీ ఉన్నవాళ్లందరినీ ఫోనులో ఒక గ్రూపులో చేర్చి, ఎవరో దాతలిచ్చిన చేతిపట్టీలు తెచ్చి కట్టింది. చెయ్యి ఆడినప్పుడల్లా పట్టీ అడుగులు లెక్కేస్తుంది. ఆ లెక్క ఎప్పటికప్పుడు గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. ముందున్నవాళ్లకు మిగతావాళ్లు చప్పట్ల బొమ్మలు పంపాలి.

ఆ చప్పట్లకు మా బావ పడిపోయాడు. పెళ్లాం మాటకు కదలని మనిషి తెల్లారేసరికి ఇసకలో నడుస్తున్నాడు. బీడీకట్ట తనే తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. పక్కింటి వనజాక్షికి మాత్రం కడుపుమంట.

"వల లాగినా అడుగులేనంట ఆ పట్టీకి. మేం కాళ్లరగదీసుకుంటా ఉంటే ఆయన పడవలో నిలబడే ఫస్టొస్తా ఉండాడు" అని పంచాయితీ పెట్టింది.

భానుప్రియ నవ్వి, వల లాగడమూ కష్టమే గదక్కా, లెక్కలోకే తీసుకుందాం అంది.

ఆ లెక్క అక్కకు ఇంకో పనికొచ్చింది. బావ సముద్రం మీదుంటే ఫోను ముందు పెట్టుకుని కూర్చునేది. లెక్క పెరిగితే "వల లాగతా ఉండాడు" అని నిమ్మళించేది. ఆయన వేటకు పోయిన పూట అక్క కుదురుగా అన్నం తినడం నేను చూసింది అప్పుడే.

మా పాలెంలో ఒక కట్టుబాటుంది. పడవ రావాల్సిన వేళకు రాకపోతే ఆ ఇంటి ఆడమనిషి ఒడ్డుకొచ్చి కేక వెయ్యాలి. అది చెవిన పడితే ఎంత పగవాడైనా చేతిలో పని వదిలేసి పడవ దించాల్సిందే. ఇంకో ఇంటి మనిషి మాత్రం ఆ కేక వెయ్యకూడదు. కీడు కోరినట్టవుతుంది.

ఆ రోజు నా మొగుడు చిన్నబాబుకు జ్వరం. రోజూ అన్నదమ్ములిద్దరూ కలిసే పోతారు. వల ఒడ్డుకు దగ్గర్లోనే ఉంది, ఒక్కణ్ణే తీసుకొస్తాలే అని బావ ఫోను మెడలో వేలాడేసుకుని బయలుదేరాడు.

ఎండ ముదిరింది. మిగతా పడవలన్నీ వచ్చేశాయి. మనసాగక అక్క దగ్గరికి పోయాను. పులుసు దించుతోంది.

"బావ ఇంకా రాలేదేందక్కా?"

"చూడు, లెక్క పెరగతానే ఉంది" అని ఫోను చూపించింది. "బాగా పడినట్టుండాయి చేపలు. ఒక్కడే లాగాల గదా."

"ఫోను చేసినావా?"

"చేసినా, ఎత్తలా. రెండు చేతులా వలుంటే యాడెత్తతాడు?"

నిజమే అనిపించింది. గ్రూపులో ఆయనే అందరికంటే ముందున్నాడు. 'ఈ పొద్దు నీదే అన్నా' అని వనజాక్షి కూడా చప్పట్లు పంపింది. అక్కకు చదువు రాదు. తనకు తెలిసిన బొటనవేలి బొమ్మ పంపి, కంచం పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక పక్క పాలెం వాళ్లు మా పడవను తాడేసి లాక్కొచ్చారు. బావ పడవలో ఓ పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. సగం వల లోపల, సగం నీళ్లలో. పట్టీ కట్టిన చెయ్యి అంచు మీదుగా బయటికి వేలాడుతోంది. అల తగిలినప్పుడల్లా ఊగుతోంది. అంత లెక్క ఎట్లా పెరిగిందో ఒడ్డునున్న అందరికీ అర్థమైంది. అక్క అప్పుడు వేసింది కేక.

గుండెపోటన్నాడు డాక్టరు. కాస్త ముందు తెచ్చుంటే అని మొదలుపెట్టి, అక్క ముఖం చూసి నీళ్లు నమిలాడు. ఆ సగం మాట చాలు మనిషిని చంపడానికి.

కర్మ అయిన మర్నాడు భానుప్రియ వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది. గ్రూపు తీసేస్తానంది. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు. పట్టీ మీద, మేం పంపిన చప్పట్ల మీద, నోరు మూసుకుని ఊపుతూ కూర్చున్న ఆ సముద్రం మీద. అక్క మాత్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నీ తప్పేముంది పాపా. నీ వల్లనే గదా బీడీ మానినాడు" అంది. ఆ తర్వాత తన ఫోను ఆమె చేతిలో పెట్టింది. "ఆ పొద్దుటి లెక్క ఇందులో ఉంది గదా. యాడిదాకా ఆయన చెయ్యి, యాడినుంచి అల? నేను అన్నం తినేటప్పటికి ఆయన ఉండాడా?"

చెయ్యి ఆడటమే పట్టీకి తెలుసు, ఆడించేదెవరో దానికేం తెలుసు. ఏదో ఒక అబద్ధం చెప్పవే తల్లీ అని నేను కళ్లతోనే బతిమాలాను. భానుప్రియకు అబద్ధం చేతకాలేదు. తల అడ్డంగా ఊపి ఏడ్చింది.

ఇప్పుడు రెండు పూటలా నేనే అక్కకు అన్నం పెడతాను. ముద్ద కలుపుతుంది, నోటిదాకా తెస్తుంది, ఆగి నా వంక చూస్తుంది.

"అప్పుడు ఉండాడంటావా రమణీ?"

ఉన్నాడంటే కేక వెయ్యలేదని ఏడుస్తుంది. లేడంటే శవం సముద్రం మీదుండగా తిన్నానని ఏడుస్తుంది. రెండూ చెప్పి చూశాను. అందుకే ఇప్పుడు ఏమీ చెప్పను. తినక్కా అంటాను, ఆమె ముద్ద కంచంలో పెట్టేసి లేచిపోతుంది.