బూడిదరంగు కామెంట్లు

విజయశ్రీ పనిచేసే ఆఫీసు నాచారంలో, ఒక బ్యాటరీల షాపు పైఅంతస్తులో ఉండేది. నాలుగు కంప్యూటర్లు, నలుగురు మనుషులు. చుట్టుపక్కల వ్యాపారాల సోషల్ మీడియా పేజీలు నడపడం వాళ్ల పని. కాప్రాలో పళ్ల డాక్టరు, ఉప్పల్‌లో బిర్యానీ హోటలు, నారపల్లిలో ప్లాట్లు అమ్మేవాళ్లు, మల్లాపూర్‌లో నీళ్ల ట్యాంకుల ఫ్యాక్టరీ. వీళ్లందరి తరఫునా పండగ శుభాకాంక్షలు చెప్పేదీ, "ధన్యవాదాలండీ, మా నంబరుకి కాల్ చేయండి" అని జవాబులిచ్చేదీ ఆమే.

ఒక్కో పేజీ తెరిచి చూసుకునే పని లేకుండా కంప్యూటర్లో ఒక అప్లికేషన్ ఉండేది. తెర నిండా నిలువు వరసలు. ఒక్కో వరస ఒక్కో పేజీది. ఎవరు ఎక్కడ ఏ మాట రాసినా ఆ పేజీ వరసలో పైకొచ్చి పడేది. పోస్టులు కూడా ముందే రాసిపెట్టేస్తే వేళకి అవే వెళ్లిపోయేవి. పెళ్లయి భీమవరం నుంచి ఉప్పల్ వచ్చిన కొత్తలో విజయశ్రీకి ఈ ఊళ్లో పలకరించే దిక్కు లేదు. ఈ ఉద్యోగంలో చేరాక సగం ఊరు తన ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండేది. పంటి నొప్పి ఎవరికి తగ్గిందో, బిర్యానీలో ముక్కలు ఎవరికి తక్కువ పడ్డాయో సాయంత్రం భర్త గిరిప్రసాద్‌కి చెప్పి నవ్వించేది.

ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ట్యాంకుల ఫ్యాక్టరీ వరసలో ఒక కామెంటు వచ్చింది. 'తొలిచినుకు వాటర్ ట్యాంక్స్' వాళ్ల కొత్త నల్ల ట్యాంకు ఫొటో కింద.

"జగన్ మా తమ్ముడు మీ కంపెనీల పని జేస్తుండె మీ తానే సచ్చిపోయిండు గుండె ఆగిందన్నరు మరి ఛాతి మీద ఆ దెబ్బ ఏంది ఆ టైముకు పక్కన ఎవలున్నరు జర చెప్పున్రి"

రాసినామె పేరు ముత్తమ్మ. ఎక్కడా చుక్క గానీ కామా గానీ లేదు. ఫోన్‌లో మాట్లాడితే అదే టైపు చేసిపెట్టిన రాత అని తెలుస్తూనే ఉంది. ఫొటోలో యాభై దాటిన మనిషి, కళ్లజోడు, వెనక కుట్టుమిషను.

విజయశ్రీ లేచి వెళ్లి సుధీంద్రకి చూపించింది. ఆఫీసు ఆయనదే. ఆయన ఫ్యాక్టరీవాళ్లకి ఫోన్ చేసి, బయటికెళ్లి చాలాసేపు మాట్లాడి వచ్చాడు.

"ఏదో హార్ట్ ఎటాక్ కేసంటండి. వాళ్లు చూసుకుంటారు. మీరు కామెంటు హైడ్‌లో పెట్టండి."

"డిలీట్ చేయనా సార్?"

"వద్దు వద్దు. డిలీట్ చేస్తే ఆవిడకి తెలిసిపోతుంది, మళ్లీ రాస్తుంది. హైడ్ చేస్తే ఆవిడకి మామూలుగానే కనబడుతూ ఉంటుంది. మిగతావాళ్లకి కనబడదు. ఆ పేరూ, 'తమ్ముడు', 'సచ్చిపోయిండు' లాంటి మాటలూ ఫిల్టర్లో వేసేయండి. ఇక వాటంతటవే పోతాయి."

విజయశ్రీ సీట్లోకొచ్చి ఆ మాటలు ఒక్కొక్కటీ టైపు చేసింది. కామెంటు నల్లటి అక్షరాలు బూడిదరంగులోకి మారాయి. దాచిన కామెంట్లు ఆ అప్లికేషన్లో అలాగే కనబడతాయి. అవి చూడగలిగేది రాసినవాళ్లూ, పేజీ నడిపేవాళ్లే.

ముత్తమ్మ మర్నాడూ రాసింది. ఆ మర్నాడూ రాసింది. మొదట్లో అవే ప్రశ్నలు. పక్కన ఎవరున్నారు, ఎంతసేపు బతికున్నాడు, మంచినీళ్లు ఎవరైనా పోశారా. తర్వాత్తర్వాత కోపం పోయింది. ఫ్యాక్టరీని అడగడం మానేసి, పేజీ చూసే జనంతో మాట్లాడటం మొదలుపెట్టింది. "అన్నలారా, అమ్మలారా, మీరు రోజు సదువుతున్నరు, మీకు ఎరికైతే చెప్పున్రి" అని. ఇంకొన్నాళ్లకి జనాన్ని కూడా వదిలేసి నేరుగా తమ్ముడితోనే మాట్లాడేది. మీ బావకి కంటి ఆపరేషన్ అయిందనీ, నీ బండి వానకి తడుస్తుంటే పట్టా కప్పాననీ.

ఫోను ఒక్కోసారి 'జగన్'ని 'జగను' అనీ 'తమ్ముడు'ని 'తమ్ముడ' అనీ రాసేది. అలాంటివి ఫిల్టరు దాటి నల్లగా బయటికొచ్చేవి. వాటిని విజయశ్రీ తన చేత్తో నొక్కి బూడిదరంగు చేసేది. పొద్దున్నే ఆఫీసుకి రాగానే మొదట చూసేది ఆ వరసనే. బిర్యానీ కబుర్లు ఇంట్లో చెప్పడం మానేసింది.

"ఏమైంది నీకు, ఈమధ్య మాట్లాడవు?" అని గిరిప్రసాద్ అడిగితే ముత్తమ్మ సంగతి చెప్పింది.

అతను అన్నం కలుపుతూ ఆగాడు. "పాపం. కానీ నువ్వేం చేస్తావు చెప్పు? నువ్వు మానేస్తే ఆ పని ఇంకొకరు చేస్తారు."

అది నిజమే. నిజమైనందుకు ఆమెకి ఊరట ఏమీ కలగలేదు.

రాఖీ పండగ వచ్చింది. ఆ రోజు పోస్టు విజయశ్రీ చాలా ముందుగా రాసిపెట్టింది. ముత్తమ్మ ఎవరో తెలియని రోజుల్లో. 'అక్కాతమ్ముళ్ల బంధంలా చెక్కుచెదరనిది, మా మూడు పొరల ట్యాంకు' అని. రాఖీ కట్టిన చెయ్యి, పక్కన నల్ల ట్యాంకు. పొద్దున ఆమె ఆఫీసు మెట్లెక్కేలోపే అది పేజీలోకి వెళ్లిపోయింది. దాని కింద అప్పటికే బూడిదరంగు అక్షరాలున్నాయి.

"జగన్ తమ్మీ పోయినేడు నువ్వు పొద్దుగాలనే డ్యూటీకి పోతే కంపెనీ గేటు కాడికొచ్చి కట్టిన రాఖీ పొద్దుగూకే దాక చేతికి ఉంచుకున్నవో మిషిన్ల పడ్తదని తీసేసినవో నేను అడగనే లేదు"

విజయశ్రీ ఆ రోజు ఇంకే వరసా చూడలేకపోయింది. తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే లేచింది. ఉప్పల్ బస్సు ఎక్కాల్సింది ఎక్కకుండా, పాత నాచారం సందుల్లోకి నడిచింది. పోచమ్మ గుడి వెనక జాకెట్లు కుడతానని ముత్తమ్మ తమ్ముడికి రాసిన కబుర్లలోనే ఎక్కడో ఉంది. రెండుచోట్ల అడిగితే ఇల్లు చూపించారు.

ముందుగది వీధికి తెరిచే ఉంది. మిషను మీద ఫొటోలోని మనిషే. లోపల మంచం మీద ఆమె భర్త రామచంద్రయ్య కంటికి నల్లద్దాలు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు ఇక్కడే వరి పండించిన కుటుంబం. పొలం పోయాక ఆయన వాచ్‌మన్‌గా చేశాడు, ఆమె మిషను పట్టింది. చిన్నప్పుడే తల్లి పోయిన తమ్ముణ్ణి ఈ ఇంట్లోనే పెంచింది.

"జాకెట్ కుట్టియ్యాల్నా బిడ్డా? గుడ్డ తెచ్చినవా?"

విజయశ్రీ నిలబడే చెప్పింది. "జాకెట్ కోసం కాదమ్మా. ట్యాంకుల కంపెనీ పేజీలో మీరు రాస్తున్నారు కదా..."

ముత్తమ్మ ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడటం కష్టమైంది.

"సదివినవా! కూసో బిడ్డా, కూసో. ఏమయ్యో, ఇగో సూడు, మనం రాసింది సదివి ఒకలొచ్చిన్రు." ఫోను తీసి చూపించింది. "మా పక్కింటి పిలగాడు నేర్పిండు. గా పేజీని మస్తు మంది సూస్తరన్నడు. ఇన్ని దినాలసంది రాస్తున్న, ఒక్కలన్న మారు మాట్లాడరైరి. ఇంత పెద్ద పట్నంల ఒక్క మనిషికి పాపం అనిపియ్యదా అని కుమిలిపోయిన. ఊరికి ఊరే రాయైపోయిందా అనుకున్న."

"ఎవరికీ కనబడటం లేదమ్మా," అంది విజయశ్రీ. "మీరు రాసింది మీ ఫోన్‌లో మీకు మాత్రమే కనబడుతుంది. కంపెనీ వాళ్లు దాచేయించారు. ఎవరూ చదవలేదు."

ముత్తమ్మకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఫోను వంక చూసింది, వేలితో తెరని పైకీ కిందకీ కదిపింది.

"గిదంత... ఎవలకు కనవడదా?"

"లేదమ్మా."

"మరి నీకెట్ల కనవడ్డది?"

విజయశ్రీ చీర కొంగు వేళ్లకి చుట్టుకుంది. "ఆ పేజీ నేనే చూస్తాను. దాచేది నేనే."

లోపల రామచంద్రయ్య లేచి కూర్చున్నాడు. ముత్తమ్మ అరవలేదు, తిట్టలేదు.

"అన్ని సదివినవా?"

"అన్నీ చదివాను."

"ఇయ్యాలది గూడ?"

"చదివాను."

"నువ్వొక్కదానివన్న ఒక్క మాట రాయకపోతివి," అంది ముత్తమ్మ. కళ్లజోడు పెట్టుకుని మిషను చక్రం తిప్పింది. దారం తెగి ఉంది, సూది ఊరికే గుడ్డలో దిగుతూ లేస్తూ ఉంది. ఆమె తల ఎత్తలేదు. కాసేపు నిలబడి విజయశ్రీ బయటికొచ్చేసింది.

మర్నాడు ఆఫీసులో అందరూ భోజనాలకి దిగాక ఆమె ట్యాంకుల వరస తెరిచింది. ఫిల్టర్లో మాటలన్నీ తీసేసింది. ముత్తమ్మ కామెంట్లన్నీ ఒకేసారి ఎంచుకుని 'హైడ్' తీసేసింది. కింది నుంచి పైదాకా బూడిదరంగంతా నల్లబడింది. మనసు తేలికేమీ పడలేదు. ఇన్నాళ్లకి చేసిన పని ఇదా అనిపించింది.

జనం చూడటం మొదలుపెట్టారు. ఒకరు నవ్వుతున్న బొమ్మ పెట్టారు. ఒకరు దండం పెట్టారు. వెయ్యి లీటర్లది రేటెంత అని ఒకరు అడిగారు. ఏదో ఊరి డీలరు 'ఇదేంటి కంపెనీవాళ్లూ?' అని రాశాడు. ఇంతేనా అని ఆమె చూస్తుండగానే ఒక పేరు వచ్చింది. నరేందర్.

"ముత్తమ్మక్కా, నేను జగనన్నతోని ఒకటే షిఫ్టుల జేసిన. ఆ దినం నేనున్న. ఫోన్ జెయ్యి." కింద నంబరు.

విజయశ్రీ ఆ నంబరు తన ఫోన్‌లో వేసుకుందో లేదో మెట్ల మీద సుధీంద్ర అడుగులు వినబడ్డాయి. చెవి దగ్గర ఫోను, ముఖం పాలిపోయి ఉంది. ఆమెను పక్కకి జరగమని, తానే కూర్చుని కామెంట్లన్నీ డిలీట్ కొట్టాడు. నరేందర్‌ది కూడా. ముత్తమ్మని బ్లాక్ చేశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎందుకు చేశారండీ ఇలా? నలుగురం బతుకుతున్న ఆఫీసు."

"ఆవిడ అడిగింది ఒక్కటే సార్. పక్కన ఎవరున్నారని."

ఆయన ఆమె వంక చూడలేదు. "రేపటి నుంచి రాకండి," అన్నాడు, కోపంగా కాదు, అలసటగా.

ఆ సాయంత్రం విజయశ్రీ మళ్లీ వెళ్లింది. ముత్తమ్మ రమ్మనలేదు, పొమ్మననూ లేదు. విజయశ్రీ జరిగింది చెప్పి, నరేందర్ నంబరు ఉన్న తన ఫోను ఆమె చేతిలో పెట్టింది. ముత్తమ్మ స్పీకరులో పెట్టమంది, భర్త కూడా వినాలని.

నరేందర్ మొదట ఏడ్చాడు. తర్వాత చెప్పాడు. "అన్న మిషిన్ల దూరి సాఫ్ జేస్తుండె అక్కా. అది బందే ఉండె. ఎవలో సూడక స్విచ్చేసిన్రు. ట్యాంకు అచ్చును తిప్పే ఇనుప చెయ్యి తిరిగి ఛాతికి కొట్టింది. నూట ఎనిమిదికి ఫోన్ జేద్దామంటే సూపర్‌వైజర్ వద్దన్నడు, పోలీసులొస్తరని. సేటు కారు కోసం సూసినం. అది రాలె, రాలె."

"పానంతోనే ఉండెనా?"

"ఉండె. మాట్లాడిండు గూడ. నా తొడ మీదనే అన్న తల పెట్టుకున్న."

"ఏమన్నడు?"

"ఇయ్యాల రాత్రికి నాకు వండొద్దని అక్కకు జెప్పు, దవాఖానాల లేటైతది అన్నడు. గంతే అక్కా."

ముత్తమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "వండిన," అంది మెల్లగా, ఎవరితోనూ కాకుండా. "పప్పుచారు వండిన." తర్వాత ఏడ్చింది. తమ్ముడు పోయిన రోజు నుంచీ ఆమె కంట నీళ్లు రాలేదనీ, ఇదే మొదలనీ రామచంద్రయ్య చెప్పాడు.

పెట్టేసేముందు నరేందర్ అన్నాడు, "నా పేరు ఎక్కడ రానియ్యకు అక్కా. ఇప్పుడు జనగామ దిక్కున్న గానీ, పని ఇచ్చేది ఆ కంపెనీల పెట్టిన మేస్త్రీనే. ఇద్దరు పిల్లలున్నరు."

రెండురోజుల తర్వాత ముగ్గురూ కలిసి పోలీసు స్టేషనుకి వెళ్లారు. లోపల ఎస్సై మర్యాదగానే విన్నాడు. కళ్లారా చూసినవాళ్లు ఎవరని అడిగాడు. నరేందర్ ఫోను స్విచాఫ్ వస్తోంది. విజయశ్రీ ముందుకొచ్చి, కామెంట్లు దాచమన్నదీ, తర్వాత తీసేసిందీ అంతా చెప్పింది.

"నువ్వు చూసింది కామెంట్లమ్మా," అన్నాడు ఎస్సై. "ప్రమాదం కాదు గదా." అయినా కాగితం తీసుకున్నాడు. చూస్తామన్నాడు.

బయట ఎండ మండిపోతోంది. రామచంద్రయ్య చెయ్యి పట్టుకుని ముత్తమ్మ ఆటో కోసం నిలబడింది. విజయశ్రీ కొంచెం ఎడంగా నిలబడింది. ఆమెకి ఇంకో ఉద్యోగం దొరకలేదు. దొరికినా అలాంటి తెర ముందే కూర్చోవాలని తెలుసు. క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఇంకోచోట రాద్దామా అమ్మా?" అని మాత్రం అడిగింది. "మీ పేరు మీదే, అందరికీ కనబడేట్టు రాసిపెడతాను."

ముత్తమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇగ ఎవలకు రాయాలె బిడ్డా. నాకు ఎరికైంది సాలు. ఎరికైనంక పానం ఇంక బరువైంది గంతే."

ఆటో వచ్చి ఆగింది. భర్తని ముందు ఎక్కించి, తను కూడా ఒక కాలు లోపల పెట్టి, ముత్తమ్మ ఆగింది. వెనక్కి తిరిగి విజయశ్రీని మొదటిసారి సరిగ్గా, ముఖంలోకి చూసింది.

"నీ పేరేందమ్మా?" అని అడిగింది.

"విజయశ్రీ."

ముత్తమ్మ ఆ పేరు పెదాల మధ్య ఒకసారి అనుకుంది. బాగుందనీ అనలేదు, రమ్మనీ అనలేదు. ఆటో మల్లాపూర్ నుంచి వచ్చే లారీల మధ్యలో దూరి వెళ్లిపోయింది. విజయశ్రీ ఉప్పల్ బస్సు కోసం రోడ్డు దాటింది.