బురుల్‌కు పని రాదట

లైను మీద మనుషులున్నారు, సప్లై ఇవ్వను అన్నందుకు బురుల్‌కు పని రాదని తేల్చారు.

తేల్చింది మా తోక్‌మోక్ ఊరి ఎలక్ట్రీషియన్ల అర్హత కమిటీ. దానికి పెద్ద అసన్‌కుల్. కాంట్రాక్టర్ దూలత్ అతని బావమరిది. దూలత్ జన్మలో స్తంభం ఎక్కలేదు. అయినా అతని జేబులో ఐదో గ్రేడు కార్డుంది, అన్నిటికంటే పైది. బావ ఇచ్చాడు మరి.

ఆ రోజు లైను మీదున్న ఇద్దరిలో నేనొకణ్ణి. దూలత్ కొత్త హోటల్‌కి వెంటనే కరెంటు కావాలి. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి స్విచ్ వెయ్యమన్నాడు. అక్కడ డ్యూటీలో ఉన్న బురుల్ వెయ్యలేదు. అందుకే ఈ కథ నేను చెప్తున్నాను.

కమిటీ ముందు ఆమెను నిలబెట్టారు. మేమంతా గోడల వెంట నిలబడ్డాం. అసన్‌కుల్ మాంసం కూరిన సంసా తింటున్నాడు. గడ్డం మీద కొవ్వు తుడుచుకుని చదివాడు.

"ఆజ్ఞ పాటించే సామర్థ్యం లేదు. నాలుగు నుంచి రెండో గ్రేడుకు దించడమైనది."

రెండో గ్రేడు వాళ్ళు ఒంటరిగా స్విచ్ ముట్టుకోకూడదు. సబ్‌స్టేషన్ గది ఊడ్చుకోవచ్చు.

"మనుషుల్ని చంపనంటే రెండో గ్రేడా అయ్యా?" అంది బురుల్. "మరి మీ బావమరిదిలా ఐదు రావాలంటే ఎంతమందిని చంపాలి?"

"తర్వాతి వాళ్ళు రండి," అని ఇంకో సంసా అందుకున్నాడు అసన్‌కుల్.

సాయంత్రం బజారు వెనక చాయ్‌ఖానాలో కూడాం. ఏదన్నా చేద్దామని మేం అనేలోపే మా మేస్త్రీ ఎసెన్ అన్న అడ్డం పడ్డాడు.

"కార్డు పోతే పొయ్యి వెలగదు. ఒక్క మనిషి కోసం అందరం మునగాలా?"

"ఆమె స్విచ్ వేసుంటే, ఈపాటికి నువ్వు నా దినానికి నూనెలో వేయించిన బోర్సోకులు తింటూ ఉండేవాడివి," అన్నాను.

"నోర్ముయ్," అని బురుల్ వైపు తిరిగాడు. "నాకు చెప్పకుండా దూలత్‌తో తగాదా ఎవరు పెట్టుకోమన్నారు?"

"నీకు ఫోన్ చేశానన్నా," అంది బురుల్ నెమ్మదిగా. "మూడుసార్లు. ఎందుకు ఎత్తలేదు?"

ఎసెన్ టీ పియాలా పక్కకు జరిపాడు. "దూలత్ ఎత్తొద్దన్నాడు."

ఒకడు లేచి వెళ్ళిపోబోయాడు. బురుల్ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"అన్నని తిట్టి ఏం లాభం? నన్ను మళ్ళీ తీసుకోమని ఎవరూ బతిమాలద్దు. నాకు పని రాకపోతే మీకెవరికీ రాదు. పోయి అదే చెప్పండి."

పొద్దున్నే కమిటీకి వెళ్ళాం. మొదట ఎసెనే కార్డు బల్ల మీద పడేశాడు.

"తీగ మీద మనుషులుంటే నేనూ సప్లై ఇవ్వను. నాకూ పని రాదు. రాసుకో."

అతని వెనక నేను. నా వెనక జోల్దోష్, ఆ రోజు తీగ మీదున్న రెండోవాడు. ఆ వెనక అందరూ. ఆ కార్డుల్ని లోపలికి లాక్కోవాలో, వెనక్కి నెట్టాలో అసన్‌కుల్‌కు అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి బజారు లైను పని ఆగిపోయింది. దూలత్ కారు దిగుతూనే అరిచాడు.

"ఎక్కండిరా పనికిమాలినోళ్ళారా!"

"కార్డు లేకుండా ఎక్కితే నేరం అయ్యా. మీ బావగారి రూలే," అన్నాడు జోల్దోష్. నడుంబెల్టు విప్పి చేతికిచ్చాడు. "మీకు ఐదో గ్రేడుంది. మీరెక్కండి."

దూలత్ బెల్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎటు పట్టుకోవాలో తెలియలేదు. కూరగాయలమ్మే ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వారు. ఆ నవ్వు అతన్ని కారు దాకా తరిమింది.

తర్వాత పోలీసులొచ్చారు. కుట్ర అట. ఎసెన్‌ని వ్యాన్ ఎక్కించారు. బురుల్ వ్యాన్‌కి అడ్డంగా నిలబడితే పక్కకు ఈడ్చారు. కిటికీ జాలీ వెనక నుంచి ఎసెన్ ఆమెతో ఒక్కటే అన్నాడు.

"మళ్ళీ ఫోన్ చెయ్యి. ఈసారి పక్కూరు కాంత్‌లో మనలాంటి వాళ్ళకి చెయ్యి. ఎత్తుతారు."

ఎత్తారు. మర్నాడు కాంత్ నుంచి ఎలక్ట్రీషియన్లు లారీ నిండా దిగారు. అసన్‌కుల్ కమిటీ ఆఫీసుకు లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు. మేం తలుపు కొట్టలేదు. మెట్ల మీద కూర్చున్నాం. మెట్లు చాలక రోడ్డు మీద కూర్చున్నాం. తమకూ కూర్చోడానికి చోటు కావాలని, కాంత్ నుంచి ఎలక్ట్రీషియన్లతో వచ్చిన ఇంకో లారీ హారన్ కొడుతోంది.