అచ్చియమ్మ వేషం

రాజకుమారి ఇంటికి చుట్టాలొస్తే చాలు, కూతురు వెన్నెల ఫోన్ తీసి పోయినేడు కొట్లో తీసిన వేషాల వీడియో పెట్టేస్తుంది. వచ్చినవాళ్లు పడీ పడీ నవ్వుతారు. రాజకుమారికి మాత్రం సరిగ్గా అప్పుడే వంటింట్లో ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది.

అరకులో వాళ్ల బొటిక్ తెరిచిన రోజున ఏటేటా పనివాళ్లంతా వేషాలు కడతారు. పోయినేడు టైలరు కనక అచ్చియమ్మ వేషం కట్టింది. అచ్చియమ్మంటే రాజకుమారి అత్తగారు. సంతలో గొడుగు కింద మిషనేసుకుని జాకెట్లు కుట్టిన మనిషి. ఆవిడ కష్టమే లేకపోతే ఈ అద్దాల కొట్టెక్కడిది! ముక్కు చివర కళ్లజోడు, మెడలో టేపు, నడుమ్మీద చెయ్యి పెట్టుకుని కనక "బేగి కానీండే గుంటల్లారా!" అని అరిచేసరికి కొట్టు కొట్టంతా ఘొల్లుమంది. కుర్చీలో కూర్చున్న అచ్చియమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అంతటితో ఆగితే ఎంత బాగుండును! కనక సూది తీసింది. చేతులు వణికించుకుంటూ దారం అటు పొడిచి, ఇటు పొడిచి, ఆఖరికి సూదినే తిట్టింది. అచ్చియమ్మ నవ్వు ఆగిపోయింది.

చూపు మందగించిందని ఆవిడ కన్నకొడుక్కి కూడా చెప్పుకోలేదు. రోజూ పొద్దున్నే తలుపేసుకుని సూదులకి దారాలెక్కించి ఇచ్చేది కోడలొక్కర్తే. ఆ కోడలే ముందురోజు టీ తాగుతూ, నోటి దురద కొద్దీ, "సూది సంగతి మరిచిపోకే, అదే హైలైటు" అని కనకకి నేర్పింది. అది గుట్టని పాపం ఆ పిల్లకేం తెలుసు?

మర్నాటినుంచి అచ్చియమ్మ కొట్టుకి రాలేదు. మోకాళ్ల నొప్పులంది. దారం ఎక్కించమని కోడల్ని అడగనూ లేదు. కనక ఇంటికొచ్చి పెద్దావిడ కాళ్లు పట్టుకుని ఏడుస్తుంటే, రాజకుమారి పక్కనే నిలబడి గుడ్లప్పగించి చూసిందే తప్ప నోరు విప్పలేదు, మహాతల్లి! అత్త నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఏమీ అనకపోయేసరికి ఏడాదిగా తిన్న అన్నం ఒంటపట్టడం లేదు.

మళ్లీ ఆ రోజు వచ్చింది. ఇవాళ అత్త రాకపోతే తానూ వెళ్లకూడదనుకుంది రాజకుమారి. పెరట్లో చిక్కుడుకాయలు వలుస్తున్న ఆవిడ పక్కన చతికిలబడింది.

"రండత్తా. మీరు లేకపోతే ఏటి బాగుంటాది?"

"నా యేసం కనక బాగానే కడతాది కదా. ఇంక నేనెందుకమ్మా?"

"దాని తప్పు లేదత్తా. సూది సంగతి చెప్పింది నేనే. నా నోరు పడిపోను!"

అచ్చియమ్మ కాయలు వలవడం ఆపలేదు. "నాకు ఆ రోజే తెల్సు."

"ఎవరు చెప్పేరత్తా?"

"ఎవులు సెప్పాల? సూపు తగ్గింది గానీ, సెవులు బాగానే ఉన్నాయి. అది సూది తియ్యకముందే నీ ఒక్కదాని నవ్వే ఇనిపించీసింది."