పేరంటాలు గది

నేను ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని. గోడకి కొట్టిన గుండ్రటి కన్నంలో కూర్చుని, లోపలి పొగనీ ఘాటునీ బయటికి నెట్టే జాతి మాది. మా జాతికి గుట్టు అనే మాటే తెలియదు. మీరు ఏం వండుకున్నారో, ఏం మాడ్చుకున్నారో పక్కింటివాళ్ళకి మొదట చెప్పేది మేమే. అలాంటి నన్ను పట్టుకొచ్చి ఒక మహానుభావుడు తన రహస్యానికి కాపలా పెట్టాడు. మనుషుల తెలివికి దణ్ణం పెట్టాలి.

పుట్టింది ఎక్కడో ఒక రేకుల షెడ్డులో. రేకు కోసి రెక్కలు చేశారు, రాగితీగ చుట్టి గుండె పెట్టారు, బూడిదరంగు కొట్టి అట్టపెట్టెలో పెట్టి పంపేశారు. నా మొదటి కాపురం కాకినాడలో, ఆచంట సూర్యంగారి టిఫిన్ హోటల్లో. ఆహా, రోజులంటే అవీ! పెనం మీద పెసరట్టు చుట్టూ నెయ్యి చిటపటలాడుతుంటే ఆ వాసనంతా ఎత్తుకుపోయి రోడ్డున పోయేవాడి ముక్కుకి తగిలించేదాన్ని. వాడు సైకిలు దిగి లోపలికొచ్చేవాడు. ఆ గిరాకీ అంతా తన అల్లం పచ్చడి మహిమే అనుకునేవారు సూర్యంగారు. అనుకోనివ్వండి, నా సొమ్మేం పోయింది. ఆయన పోయాక కొడుకులు హోటలు మూసేసి, బల్లలతోపాటు నన్నూ పాతసామాన్ల కొట్టుకి వేసేశారు. జిడ్డు కారుతూ అక్కడ పడివున్న నన్ను ఒకరోజు నూకరాజు పైకెత్తి, రెక్కలు తిప్పి చూసి, బేరమాడకుండా కొనుక్కున్నాడు. బేరమాడని మనిషిని చూస్తే నాకు అప్పుడే అనుమానం రావలసింది.

నూకరాజు జగన్నాథపురంలో పెళ్ళిళ్ళకీ జాతరలకీ లైటు సెట్టింగులు వేసేవాడు. అతను బల్బులతో కట్టిన నెమలి పురివిప్పి ఆడుతుంటే జనం మెడలు నొప్పెట్టేదాకా చూసేవారట. ఇప్పుడు బల్బుల తోరణాలు కిరాణా కొట్లో కూడా దొరుకుతున్నాయి, ఎవరిల్లు వాళ్ళే వెలిగించుకుంటున్నారు. పని పల్చబడి, చేతులు ఊరికే ఉండలేక గింజుకుంటున్న వేళ ఎవడో పనికిమాలినవాడు అతని చెవిలో ఊదాడు. గంజాయికి కొండా అక్కర్లేదు చేనూ అక్కర్లేదు, మూసిన గదిలో దీపాల కింద పెరుగుతుంది, దీపాలంటే నీ తరవాతే కదా ఎవరైనా అని. మెచ్చుకోలుకి పడిపోయే మనిషి, పడిపోయాడు.

ఇల్లు చూస్తే రెండే గదులు, ముందు చిన్న వసారా. ఇంట్లో భార్య వీరవేణి. రెండు గదుల ఇంట్లో ఒక గదిని సొంత పెళ్ళాం కంటపడకుండా దాచడం ఎలాగ? దానికతను ఆడిన అబద్ధం ఉంది చూశారూ, దానికే నా రెక్కలు ఇప్పటికీ జలదరిస్తాయి.

మొగుడు బతికుండగా పసుపు కుంకాలతో పోయిన ఇల్లాలిని ఇక్కడివాళ్ళు పేరంటాలంటారు. ఇంట్లో ఒక మూల ఆమెకి వదిలి, ఏటా చీర, గాజులు పెట్టుకుంటారు. నూకరాజు తల్లి అలాగే పోయింది, అతను పాకుతుండగా. ఫోటో లేదు. ముఖం గుర్తులేదు. ఆ తల్లినే అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మ కల్లోకొచ్చిందే. ఎనక గది తనకి కావాలంది. తలుపేసుంచాలంట. నేను తప్ప ఇంకోళ్ళు తీత్తే ఉగ్రం అంట," అని పెళ్ళాంతో చెప్పాడు. ఆ చెప్పేటప్పుడు నేను అతని చంకలోనే ఉన్నాను.

వీరవేణి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఆమెకి రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. అత్త అంతటిది వెతుక్కుంటూ ఇంటికొచ్చిందంటే ఊరికే రాదనుకుంది, పాపం. మొగుణ్ణి కదలనివ్వకుండా తనే వెళ్ళి కొత్త నేతచీర, ఆకుపచ్చ గాజులు కొనుక్కొచ్చి ఇచ్చింది, లోపల పెట్టమని.

గది సిద్ధమైంది. కిటికీకి అట్టలు, గోడలకి వెండిరంగు కాగితం, పైనుంచి గులాబీ వెలుగు, కింద రంగుడబ్బాల్లో వరసగా మొక్కలు. పెరటి గోడలో కన్నం కొట్టి నన్ను బిగించాడు. ఒక మూల మాత్రం, ఎప్పుడైనా తలుపు సందులోంచి ఎవరి చూపైనా పడితే అడ్డుంటుందని, పసుపు రాసిన ఇటుక పెట్టి దానిమీద ఆ చీరా గాజులూ ఉంచాడు. ఘాటు తెలియకుండా పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి వేసేవాడు. గంజాయీ సాంబ్రాణీ కలిసిన ఆ వాసన ఇంకెక్కడా ఉండదు. తియ్యగా, మత్తుగా, కాస్త భయంగా ఉండేది. దాన్ని పట్టుకెళ్ళి నేను పెరట్లో పోసేదాన్ని.

ఇక్కడే నూకరాజు ఒక పొరపాటు చేశాడు. పేరంటాలు ఆడవాళ్ళ దేవత. ఏ అమ్మోరికైనా మగ పూజారి ఉండొచ్చు గానీ, పేరంటాలు గదికి ఆడవాళ్ళని రావద్దనే ఆచారం ఎక్కడైనా ఉందా? పక్కింటి సూరీడమ్మ ఈ మాట విని మెటికలు విరిచింది.

"ఇదెక్కడి సోద్యంరా నూకరాజూ! పసుపు కుంకం ఆడోళ్ళు పెట్టకపోతే ఆవిడికెవరు పెడతారు? నువ్వా, మీసాలేసుకుని?"

"లోపలికి మాత్రం వద్దు పిన్నీ. నీకు దణ్ణమెడతా," అన్నాడతను.

"సరే, లోపలికి రాం. బయట పెట్టుకుంటాం. బయటా నీదేనేటి?"

బయట అంటే ఎక్కడ? పెరటివైపు నేనున్నాను. నా రేకు తలుపుల సందుల్లోంచి పొద్దల్లా గులాబీ వెలుగు మిణుకుమిణుకుమంటూ, గుయ్యిమని మోత, గుప్పుమని ఆ వాసన. ఇంకేం కావాలి? సూరీడమ్మ నా చుట్టూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. శుక్రవారం అయ్యేసరికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి నాకు దణ్ణాలు పెట్టడం మొదలెట్టారు. నిన్నటిదాకా పెసరట్ల జిడ్డోడిన దాన్ని, దేవతనైపోయాను! నవ్వొచ్చింది. లోపల నూకరాజుకి మాత్రం చెమటలు పట్టాయి.

రోజూ వచ్చేది మాత్రం వీరవేణి ఒక్కతే. గిన్నెలు తోముకుని, చెయ్యి తుడుచుకుని, నా ముందు చతికిలబడేది. "అత్తా, ఈ నెల నిలబెట్టు. నాకింకేం వద్దు." ఇంతే మాట. నా మోతలో ఏదో జవాబు వినిపించినట్టు తలూపి లేచి వెళ్ళేది. నాకు సిగ్గేసేది. నేను అత్తని కానమ్మా, పాత ఫ్యాన్‌ని అని చెబుదామంటే నోరేదీ?

కొన్నాళ్ళకి ఆమెకి నిజంగానే నెల తప్పింది. మూడు దాటింది, నాలుగు దాటింది. ఇదివరకు ఎప్పుడూ అంతదాకా రాలేదు. వీధి వీధంతా పేరంటాలు చలవే అంది. నూకరాజుకి పట్టరాని సంతోషం వేసింది, ఆ వెనకే భయం పట్టుకుంది. గది ఎత్తేద్దామని చాలాసార్లు అనుకున్నాడు. డబ్బాలు పట్టుకుని నా కిందే నిలబడి గొణుక్కునేవాడు. "ఇదంతా ఉత్తుత్తిదని తెలిత్తే దాని గుండె ఆగిపోద్ది. కడుపు నిలవదు." మళ్ళీ డబ్బాలు ఎక్కడివక్కడ పెట్టేసేవాడు. ఇంతా చేస్తే వీరవేణి కడుపులో బిడ్డ అతని అబద్ధాన్ని పట్టుకుని వేలాడుతోంది. అది తెగితే ఇదీ తెగుతుందని అతని నమ్మకం.

ఇక నాకు భయం పుట్టిన సంగతి చెప్పాలి.

ఆ మూలనున్న చీర మడత రోజూ మారేది. పొద్దున నూకరాజు చూసి, ఫ్యాను గాలికి కదిలిందనుకుని సర్దేవాడు. తప్పు. నా గాలి బయటికి పోతుంది, మూలకి రాదు. అది నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. దీపాలారిపోయి గదంతా చీకటి. నా రెక్కలు ఆగిపోయాయి. మొక్కల ఆకులు కూడా కదలడం మానేశాయి. అదే సమయానికి వీరవేణి పెరట్లోకి వచ్చి కూర్చుంది.

"అత్తా, ఇయ్యాల కదులుతున్నాడు. నువ్వు సూత్తన్నావా?"

"ఊఁ" అని వినిపించింది.

నేను కాదు. ఒట్టేసి చెబుతున్నాను, నేను కాదు. నా వెనకనుంచి, ఆ మూలనుంచి వచ్చింది. వీరవేణి ఎప్పటిలాగే తలూపి వెళ్ళిపోయింది, ఆమెకి అందులో వింతేం కనపడలేదు. కరెంటు వచ్చాక నేను తిరగడానికి కాసేపు మొరాయించాను. నూకరాజు వచ్చి నూనె వేశాడు. అమాయకుడు, తుప్పనుకున్నాడు.

ఏడో నెల వచ్చింది. ఆ శుక్రవారం వీరవేణికి గాజులు తొడుగుదామని ఆడవాళ్ళంతా పెరట్లో చేరారు. నూకరాజు ఊళ్ళో ఒక పెళ్ళి పందిరికి దీపాలు కట్టడానికి వెళ్ళాడు. అందరికీ తాంబూలాలయ్యాక సూరీడమ్మ సంచీలోంచి ఎర్రంచు పట్టుచీర తీసింది.

"ఇంత సేసిన తల్లికి ఒంటిమీద సీర లేకుండా ఉంచుతామేటే? పట్టండే అటు," అంటూ ఆ చీర మడత విప్పి నా ముఖం నిండా కప్పి, జారకుండా పైన మేకులకి కట్టేసింది. అందరూ దణ్ణాలు పెట్టి, వీరవేణి బుగ్గలు పుణికి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

పట్టుచీర అంచు నా రేకుల సందులోంచి లోపలికి జారింది. రెక్క దాన్ని పట్టుకుని చుట్టుకుంది. ఇంకో చుట్టు. అంతే, ఆగిపోయాను. కరెంటు వస్తూనే ఉంది, తిరగలేను. రాగి వేడెక్కింది. వెనక దీపాల వేడి పోయే దారి లేక గది పొయ్యిలా అయింది. కాసేపటికి నా తీగే ముందు అంటుకుంది, ఆ తరవాత వెండి కాగితం, ఆ తరవాత అట్టలు. నెమలిని ఆడించిన మనిషి తన ఇంట్లో తీగలు ఎంత బరువు మోస్తాయో చూసుకోలేదు.

వీరవేణి ఎక్కడుందో తెలుసా? గాజులు తొడిగించుకుని అలిసిపోయి, అత్త దగ్గర నడుం వాలుద్దామని ఆ గది తలుపుకి ఆనుకునే చాప వేసుకుని నిద్రపోతోంది. తలుపు కిందనుంచి పొగ ఆమె ముఖం మీదికి పాకుతోంది. ఆ మత్తు పొగ పీల్చినవాళ్ళు తమంతట తాము లేవరు. నేను చూడలేను, అరవలేను, తిరగలేను. పొగని బయటికి పంపడానికే పుట్టినదాన్ని, అంత పొగ మధ్య కదలకుండా ఉండిపోయాను. నా బతుకులో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

అప్పుడు నా వెనకనుంచి ఎవరో లేచారు. మట్టిగాజులు గలగలమన్నాయి. తలుపు దగ్గర ఒక ఆడగొంతు, కొంచెం బొంగురుగా, చివరి మాట సాగదీస్తూ, కాలవ అవతలి ఒడ్డు నుంచి పిలుస్తున్నట్టు,

"లే...మ్మా. లే తల్లీ. ఇక్కడ పడుకోకూడదు, లే...మ్మా" అంది.

వీరవేణి లేచింది. దగ్గుతూ, గోడ పట్టుకుంటూ, వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి వెళ్ళిపోయింది. ఆమె మెట్టు దిగేసరికి గది తలుపు ఫెళ్ళున పగిలింది.

తరవాతి సంగతి మీరు ఊహించుకోగలరు. వీధివాళ్ళు బిందెలతో నీళ్ళు పోశారు, ఫైరింజను వచ్చింది, గోడ సగం కూలింది. పేరంటాలు ఎలా ఉందోనని తొంగిచూసిన ఆడవాళ్ళకి మాడిన మొక్కల వరసలు కనిపించాయి. "ఓలమ్మో, ఈటికా మనం దణ్ణాలెట్టాం!" అని సూరీడమ్మ నేలమీద కూలబడింది. సాయంత్రానికి పోలీసులు వచ్చారు. నూకరాజు పారిపోలేదు. పరుగెత్తుకుంటూ వచ్చి ముందు పెళ్ళాం ఎక్కడని వెతికాడు. సూరీడమ్మ అరుగుమీద, తడిచీరతో, కడుపుమీద చెయ్యేసుకుని కూర్చునుంది వీరవేణి. బిడ్డ కదులుతోందని ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు చెప్పింది.

"నువ్వెలా బయటికొచ్చావే?" అన్నాడు.

"మీ అమ్మ లేపింది."

ఆ గదిలో ఎవరూ లేరని ఈ లోకంలో తెలిసినవాడు అతనొక్కడే. తెలిసినది చెప్పలేక ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. జీపు దగ్గరనుంచి కానిస్టేబులు కేకేస్తున్నాడు.

"ఎలాగుందే అమ్మ గొంతు? నేనెప్పుడూ ఇన్లేదు. ఒక్కసారి, ఆవిడన్నట్టే అని సూపించవే."

వీరవేణి అతనివైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు.

"నీకు సెప్పను మావా. కన్నతల్లిని తెచ్చి గంజాయికి కాపలా ఎట్టావు. నీకు మాత్రం సెప్పను," అంది.

అతన్ని జీపెక్కించారు. నన్ను గోడలోంచి పీకి గోనెసంచీలో వేసి అదే జీపులో పడేశారు. ఇప్పుడు నేను కోర్టువారి సామాన్ల గదిలో ఉంటాను, మెడకి ఒక అట్టముక్కతో, సాక్ష్యం అనే హోదాలో. నాకంటే అన్నీ చూసిన సాక్షి, నాకంటే ఏమీ చెప్పలేని సాక్షి ఇంకొకరు ఉండరు. వాయిదా వచ్చినప్పుడు తీసుకెళ్ళి బల్లమీద పెడతారు. "ఈ ఫ్యాను నీదేనా?" అని అడుగుతారు. "నాదేనండి" అంటాడు నూకరాజు. బాగా చిక్కిపోయాడు.

పోయిన వాయిదాకి వీరవేణి వచ్చింది, చంకలో పిల్లతో. లోపలికి రాలేదు, బయట వరండాలో బెంచీమీద కూర్చుంది. వాదనలు జరుగుతుండగా పిల్ల ఏడుపందుకుంది. వీరవేణి జోకొడుతూ ఊరుకోబెట్టింది.

"ఊరుకో...మ్మా. ఊరుకో తల్లీ, ఊరుకో...మ్మా."

అది వీరవేణి గొంతు కాదు. కొంచెం బొంగురుగా, చివరి మాట సాగుతూ, కాలవ అవతలి ఒడ్డు నుంచి పిలుస్తున్నట్టు ఉంది. నేను బల్లమీద బిగుసుకుపోయాను. పిల్ల టక్కున ఊరుకుంది.

బోనులో నిలబడ్డ నూకరాజు కూడా ఆ గొంతు విన్నాడు. ఒకసారి గుమ్మంవైపు తిరిగి, తన కూతురు ఏడుపు ఆపిందని చిన్నగా నవ్వుకుని, మళ్ళీ జడ్జిగారివైపు తిరిగాడు.