వెనక గోడకు తలుపు

సన్నే పొద్దున ఆఫీసుకు రాగానే వెనక గోడను పట్టుకుంది. మధ్యాహ్నం దాటినా వదల్లేదు.

పట్టుకోవడమంటే చేతులతో కాదు. జగదల్‌పూర్‌లో మందుల దుకాణం పైన ఉన్న ఒంటిగది ఆఫీసులో, లాప్‌టాప్ తెర మీద. రాయ్‌పూర్‌లో ఉండే ఆర్కిటెక్టు రాజ్‌కుమార్ సారు, ఇక్కడ సన్నే, పక్క బల్ల దగ్గర హెప్సిబా, ముగ్గురూ ఒకే భవనాన్ని బ్రౌజర్‌లో తెరుచుకుని ఒకేసారి కడుతుంటారు. కాగితం మీద గీతలు గీసే కాలం పోయింది. ఈ మోడల్‌లో గోడ అంటే గోడే. తన మందం తనకు తెలుసు, తనకు ఎంత ఇటుక పడుతుందో తెలుసు, తన మీద ఏ కప్పు ఆనుతుందో తెలుసు. ఇంత తెలిసిన గోడకూ ఒక బలహీనత ఉంది. ముందు ఎవరు పట్టుకుంటే వాళ్ళ మాటే వింటుంది. పట్టుకున్న వెంటనే గోడ చుట్టూ నారింజ రంగు గీత పడి, పక్కన వాళ్ళ పేరు వెలుగుతుంది. వాళ్ళు వదిలేదాకా మిగతావాళ్ళు ఒక్క ఇటుక కదపలేరు, ఫైలు బయటికి పంపలేరు. ఒకరి పట్టును ఇంకొకరు విడిపించే ఏర్పాటు ఖరీదైన ప్లాన్‌లో ఉందట. రాజ్‌కుమార్ సారు చవకది కొన్నారు. ఆ పొదుపు ఇవాళ ఆయనకే తగిలింది.

అలాగని పట్టుకున్నవాళ్ళకూ సుఖం లేదు. మౌస్ కాసేపు కదలకపోతే, మనిషి లేచి వెళ్ళిందనుకుని ఆ సాఫ్ట్‌వేర్ గోడను వదిలేస్తుంది. వదిలిన మరుక్షణం రాయ్‌పూర్‌లో కాచుకున్న ఆయన చేయి పడుతుంది. అందుకని సన్నే అన్నం కూడా ఎడమచేత్తోనే తింది. బాత్రూముకు వెళ్ళాల్సి వస్తే హెప్సిబాను బతిమాలింది.

"నువ్వెళ్ళే, నాను తిప్పుతుంటాను గానీ," అంది హెప్సిబా. ఆమె వాళ్ళది రైల్వే కుటుంబం. బొబ్బిలి నుంచి కిరందుల్ లైనుకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. "మా నాన్న గేటు కాడ డ్యూటీ చేసినట్టుంది నా బతుకు. సారు ఫోన్ చేస్తే ఏటి సెప్పమంటావు?"

"ఏం చెప్పకు. తిప్పుతనే ఉండు."

ఆ గోడ బాలికల ఆశ్రమ పాఠశాలది. కట్టబోయేది కోంటా దగ్గర, సన్నే పుట్టిన ఊరి పక్కనే. ఊళ్ళో బడి అయిదో తరగతితో ఆగిపోతుంది. ఆ పైన చదవాలంటే ఈ ఆశ్రమమే గతి. సన్నే అన్న కేసా కూతురు లక్కే, భవనం లేచాక అందులో చేరాల్సిన పిల్ల. పడుకునే హాలుకు ముందొక ఇనప గేటు ఉంది. వెనక గోడకు కూడా ఒక తలుపు ఉండాలని సన్నే పెట్టింది. రాజ్‌కుమార్ సారు తీసేశారు. సన్నే మళ్ళీ పెట్టింది. ఆయన మళ్ళీ తీసేశారు. ఇద్దరూ కొన్నాళ్ళు మాటామంతీ లేకుండా ఇలా పెడుతూ, తీసేస్తూ గడిపారు. ఇవాళ సాయంత్రానికి డ్రాయింగులు విభాగ్‌కు, అంటే భవనం కట్టించే సర్కారు శాఖకు, వెళ్ళాలి. ఇక లాభం లేదని సన్నే తలుపు పెట్టి, గోడను పట్టుకుని కూర్చుంది.

ఆమె మొండిదేమీ కాదు. ఇంకేదైనా గోడ అయితే ఎప్పుడో వదిలేసేది. చిన్నప్పుడు ఆమె చదివిన ఆశ్రమం వెదురు తడికలది. చీకటి పడగానే బయట తాళం వేసేవాళ్ళు. ఒక తెల్లవారుజామున వంటపాకలో లేచిన నిప్పు తడికలకు అంటుకుంది. పొగలో పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి ఆ ఒక్క తలుపునే బాదారు. వంటమనిషి రోకలితో తాళం పగలగొట్టింది కాబట్టి సరిపోయింది, అందరూ బతికారు. బతికారు గానీ, సన్నే ఇప్పటికీ బస్సు ఎక్కితే డ్రైవరు వెనక సీటులోనే కూర్చుంటుంది. ఊపిరాడకపోవడం ఎలా ఉంటుందో ఆమె ఎవరికీ వివరించి చెప్పలేదు. తలుపు పెట్టడమే ఆమెకు చేతనైన వివరణ.

ఫోన్ మోగింది. రాజ్‌కుమార్ సారే. ఆయన పెద్దలూ హెప్సిబా వాళ్ళలాగే బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాళ్ళే, మాటలో ఆ యాస పోలేదు.

"ఏటమ్మా సన్నే, గోడ వదలవేటి? విభాగ్ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తన్నారు."

"తలుపు ఉంచుతనంటే ఇప్పుడే వదుల్త సార్."

"నాకేటి తలుపు మీద పగా? ఒక్క గేటే ఉండాలని మీ ఊరివాళ్ళే గ్రామసభలో గట్టిగా చెప్పారు. పాలక్ సమితి, అదే పిల్లల తల్లిదండ్రుల కమిటీ, అధ్యక్షురాలు లేచి నిలబడి మరీ చెప్పిందట. ఆవిడెవరో నీకు తెలీదేటి?"

సన్నేకు తెలుసు. ఆ అధ్యక్షురాలు తన తల్లి దేవే. మళ్ళీ చేస్తానని ఆయన ఫోన్ పెట్టేసింది. ఒక చెయ్యి మౌస్ మీద ఉంచి, రెండో చేత్తో తల్లికి ఫోన్ చేసింది. ఊళ్ళో సిగ్నల్ అందే చోటు చింతచెట్టు దగ్గరి మెరక ఒక్కటే. అదృష్టం కొద్దీ దేవే అక్కడే ఉంది.

"ఏంది బిడ్డా, ఇప్పపువ్వు ఎండబోస్తున్న. చెప్పు."

"ఆశ్రమానికి ఒక్కటే గేటు చాలని సభల చెప్పింది నువ్వేనా అమ్మా?"

"నేనే చెప్పిన."

"నేనెట్ల బయటపడ్డనో నీకెరుక లేదా?"

"నువ్వు పొగను సూసినవ్. నేను తలుపు నూకి లోపలికొచ్చినోళ్ళను సూసిన," అంది దేవే. గొంతులో కోపం లేదు. "ఒకపాలి అడివిల తుపాకులోళ్ళొచ్చిర్రు, ఇంకోపాలి పోలీసోళ్ళొచ్చిర్రు. ఎవ్వలొచ్చినా మన ఇంటికి ఎనక తలుపు నుంచే వచ్చిర్రు. నిన్ను వడ్ల గుమ్మిల దాచిపెట్టి పైన చాట మూసిన. యాదికి లేదా? ఆడపిల్లలు పండుకునే ఇంటికి ఎనక తలుపెందుకే?"

గుమ్మిలో వడ్ల నూగు ఒళ్ళంతా దురద పెట్టడం సన్నేకు గుర్తుంది. బయట అమ్మ ఒక్కతే నిలబడి ఉందన్న సంగతి మాత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు. తాను ఊరి పిల్లల తరఫున పోట్లాడుతున్నానని పొద్దుటి నుంచి కొండంత ధైర్యంతో కూర్చుంది. ఊరేమో అవతలి పక్క నిలబడి ఉంది. వెనక తలుపు ఉంటే ఒక భయం, లేకపోతే ఒక భయం. ఎటూ పాలుపోలేదు. మౌస్‌ను మాత్రం తిప్పుతూనే ఉంది.

అలా తిప్పుతుండగానే రాయ్‌పూర్‌లో ఒకసారి సినిమాకు వెళ్ళినప్పుడు చూసిన తలుపు గుర్తుకొచ్చింది. హాలు పక్కన ఉంటుంది. లోపలి నుంచి అడ్డకడ్డీ నొక్కితే తెరుచుకుంటుంది. బయటి నుంచి ఎవరి తాతా తెరవలేడు.

ప్రాణం లేచొచ్చింది. మోడల్‌లో తలుపు మీద నొక్కితే దాని జాతకమంతా పక్కన వస్తుంది. ఏ వైపు తెరుచుకోవాలి, చెక్కా ఇనుమా, పిడి ఎక్కడ, గడియ ఎక్కడ అన్నీ నింపుకోవచ్చు. సన్నే చకచకా మార్చింది. బయట పిడి లేదు, తాళం పెట్టే కన్నం లేదు, నున్నటి ఇనప రేకు మాత్రమే. లోపల నడుమెత్తులో అడ్డకడ్డీ. చిన్నపిల్ల ఒళ్ళు ఆనినా తెరుచుకోవాలి. మోడల్‌లో తలుపును తెరిచి మూసి చూసుకుంది. హెప్సిబాను పిలిచి చూపించింది.

"బాగుందే," అంది హెప్సిబా మనస్ఫూర్తిగా. "మా క్వార్టర్‌కీ ఇలాటిది ఉంటే ఎంత బావుండేది."

రాజ్‌కుమార్ సారు కూడా తన తెర మీద చూసి ఫోన్ చేశారు. ఈసారి ఆయన గొంతు మెత్తబడింది.

"మంచిదే పెట్టావమ్మా. నాకు అభ్యంతరం లేదు. అయితే విభాగ్ వాళ్ళు నన్నడిగేది ఒక్కటే, సమితి ఒప్పుకుందా అని. మీ అమ్మ చేత ఒక్క మాట అనిపించు. ఈ తలుపు ఉంటుంది. నాను మాట్లాడుకుంటాను."

అంతకన్నా ఏం కావాలి? సన్నే నవ్వుకుంటూ మళ్ళీ ఫోన్ చేసింది. తలుపు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"బయటి నుంచి ఎవ్వలూ రాలేరు," అంది దేవే అంతా విన్నాక.

"రాలేరమ్మా."

"లోపలి నుంచి పిల్లలు పోతరు."

"నిప్పు లేస్తే పోవాలె గద."

"నిప్పు లేవని నాడు?"

సన్నే తెర మీది అడ్డకడ్డీ వైపు చూసింది.

"నువ్వు పారిపోయి రాలేదా?" అంది దేవే. "ఆశ్రమం నుంచి అడివెంబడి నడుసుకుంట ఎన్నిసార్లొచ్చినవ్! వచ్చి నా కొంగు పట్టుకొని మల్ల పోనని ఏడిస్తివి. ఆఖరుకు నిన్ను ఈడ్సుకపోయి దింపిన నాడు, ఆ హాస్టల్ మేడమ్ కాళ్ళు పట్టుకొని నేనే చెప్పిన, రాత్రిళ్ళు తాళమెయ్యమ్మా అని. అంతకుముందు ఆ ఇంటికి తాళమే లేదు."

సన్నే చెవిలో ఫోన్ వేడెక్కింది. ఆ తాళం ప్రభుత్వం వేసిందని, మేడమ్ వేసిందని, అడవికి భయపడే పట్నంవాళ్ళు ఎవరో వేశారని ఇన్నేళ్ళూ ఒక్కొక్కరినీ తిట్టుకుంటూ వచ్చింది.

"నేను సచ్చిపోయేదాన్ని అమ్మా. అందరం సచ్చిపోయేటోళ్ళం."

"నాకెరుకే. ఆ దినం నుంచి నాకు నిద్ర లేదు," అంది దేవే. "అయినా మల్ల తాళమెయ్యమనే చెప్పిన. నువ్వు ఇంటికొచ్చుంటే ఏమైతుంటివి? నీ జతది హిడ్మే ఏది? అది ఇంట్లనే ఉండె గద. బుధ్రి ఏది? ఆ వచ్చినోళ్ళు ఇద్దర్నీ తోలుకపోయిర్రు, మల్ల వచ్చిర్రా? నువ్వొక్కతివి కుర్చీల కూసొని నాతోని మాట్లాడుతున్నవ్. ఆ తాళంతోనే మిగిలినవ్ బిడ్డా."

హిడ్మే ముఖం సన్నే కళ్ళముందుకు వచ్చింది.

"ఆ తలుపు పెడితే లక్కేను పంప. నేనే కాదు, ఊర్లె ఎవ్వలూ పంపరు. పిల్ల పారిపోయొచ్చేటి బడి ఎవ్వలకు కావాలె?"

"లక్కేను నేను తెచ్చుకుంట. నా దగ్గర ఉంచుకొని చదివిస్త."

"తెచ్చుకో. మిగిలిన పిల్లలందర్నీ నీ గదిల పండుకోబెట్టుకుంటవా?"

తలుపు ఉంటే భవనం ఉంటుంది, పిల్లలుండరు. తలుపు లేకపోతే పిల్లలుంటారు, వాళ్ళ మీద తాళం ఉంటుంది. సన్నే తెర వైపు చూసింది. గోడ పక్కన ఆమె పేరు ఇంకా వెలుగుతూనే ఉంది. పొద్దుటి నుంచి ఆ పేరు చూసుకుని ఎంత మురిసిపోయింది! ఎవరి మీద పట్టు సాధిస్తున్నాననుకుంది? రాజ్‌కుమార్ సారు మీదా? ఆయన ఎప్పుడో ఒప్పుకున్నారు.

అమ్మ లైనులో ఉండగానే తలుపు మీద నొక్కింది. తీసెయ్యాలా అని సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది. సన్నే తీసేసింది. తలుపున్న చోట కన్నమేమీ మిగల్లేదు. ఆ గోడలకు అదొక గుణం. తలుపు తీసిన మరుక్షణం తమంతట తామే పూడుకుపోతాయి. అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు ఇటుక వరస ఈ మూల నుంచి ఆ మూలకు సాఫుగా పరుచుకుంది. సన్నే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెప్సిబా చూసి, వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"తీసేసినవా?" అంది దేవే.

"తీసేసిన."

"మంచిది." ఫోన్ పెట్టేస్తుందనుకుంది సన్నే. పెట్టలేదు. దూరంగా మేకలు అరుస్తున్నాయి. దేవే ఊపిరి మాత్రం వినబడుతోంది.

"బిడ్డా, ఆ గోడకు కిటికీ ఉందా?"

"ఉన్నది."

"ఊచలు?"

"ఉన్నయమ్మా."

దేవే గొంతు తగ్గించింది. ఆ మెరక మీద వినేవాళ్ళెవరూ లేకపోయినా గుసగుసగా అంది.

"ఆ ఊచలు మెత్తటియి పెట్టు. ఆపద వస్తే పిల్లలు నలుగురు పట్టి గుంజితే వంగేటియి. మేడమ్‌కు చెప్పకు. ఊర్లె గూడ ఎవ్వలకూ చెప్పకు."

ఊచల మందం విభాగ్ వాళ్ళు ముందే నిర్ణయించి పంపిన లెక్క. అందులో వేలు పెట్టే అధికారం సన్నేకు గానీ, రాజ్‌కుమార్ సారుకు గానీ లేదు. పిల్లలు నలుగురు కాదు, ఊరంతా కలిసి గుంజినా అవి వంగవు.

"పెడతనమ్మా," అంది సన్నే.